ఎంతమందిని గట్టెక్కించారో చెప్పండి

వారంలో రెండుసార్లైనా నాకు ఇలాంటి ఫోన్ వస్తుంది. "మేడమ్, డిగ్రీ అయిపోయిందా? ఎంబీఏ చేసే ఆలోచన ఏమైనా ఉందా? ఇంట్లో ఉండే చేసుకోవచ్చు మేడమ్, క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే." అవతల మాట్లాడే పిల్లకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. గొంతులో టార్గెట్ టెన్షన్ తెలిసిపోతుంటుంది, అందుకే విసుక్కోను. ఒక్కటే అడుగుతాను. "అమ్మా, మీ దగ్గర నా వయసువాళ్ళు వందమంది చేరితే, చివరిదాకా చదివి పట్టా తీసుకున్నవాళ్ళు ఎంతమంది?"

ఇప్పటిదాకా ఒక్కరు కూడా దీనికి జవాబు చెప్పలేదు. ఆ పిల్లల తప్పు కాదది. వాళ్ళ ముందు పెట్టిన కాగితంలో ఫీజు ఎంత, వాయిదాలు ఎన్ని, చివరి తేదీ ఎప్పుడు అన్నీ ఉంటాయి. నేను అడిగిన లెక్క మాత్రం ఉండదు.

నాకు 44 ఏళ్ళు. తిరుపతిలో బస్టాండుకి దగ్గర్లో ఒక లాడ్జిలో ఫ్రంట్ ఆఫీసు చూసుకుంటాను. దూరవిద్యలో బి.ఏ.కి చేరింది 38వ ఏట, ముగించింది 43వ ఏట. నడి వయసులో చదువంటే ఎలా ఉంటుందో అయిదేళ్ళు దగ్గరుండి చూసినదాన్ని. ఇప్పుడు కాలేజీలూ యూనివర్సిటీలూ యాప్ కంపెనీలూ మా వైపు చూడటం మొదలుపెట్టాయి కాబట్టి, మా వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

మేము వాళ్ళకి కొత్త గిరాకీ. ఇందులో దాపరికం ఏమీ లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని తేలింది. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. అంటే రాబోయే ఏళ్ళలో ఇంటర్ పాసై బయటికొచ్చే పిల్లలు తగ్గుతూ పోతారు. బెంచీలు నిండాలంటే కాలేజీలకి ఇంకెవరో కావాలి. ఆ ఇంకెవరో మేమే. లాడ్జి కౌంటర్లో కూర్చున్నవాళ్ళం, ఆర్టీసీ బస్సు తోలేవాళ్ళు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు, పెళ్ళితో చదువు ఆగిపోయి పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ పుస్తకం మీదికి మనసు పోయేవాళ్ళు. ఇప్పటికే మేం తక్కువమందిమి కాదు. కేంద్ర విద్యాశాఖ 2020-21 సర్వే ప్రకారం దేశంలో 45.71 లక్షల మంది దూరవిద్యలో ఉన్నారు. పైచదువుల్లో ఉన్నవాళ్ళందరినీ కలిపితే 4.14 కోట్లు. అంటే తొమ్మిది మందిలో ఒకరు. దూరవిద్యలో ఉన్నవాళ్ళంతా నా వయసువాళ్ళు కాదు నిజమే, కానీ నా వయసువాళ్ళకి ఉన్న దారి ఎక్కువగా అదే.

మమ్మల్ని గిరాకీగా చూడటం తప్పని నేను అనను. మొదటిసారి ఒక ప్రకటనలో 'వయోపరిమితి లేదు' అని చూసినప్పుడు నాకు కడుపు నిండినట్టయింది. అంతకుముందు ఎక్కడికి వెళ్ళినా 'పాపకా, బాబుకా అడ్మిషన్?' అనే అడిగేవాళ్ళు. 'నాకే' అని చెప్పడానికి నోరు రాక, బ్రోషర్ తీసుకుని వచ్చేసిన రోజులున్నాయి. గిరాకీకి కనీసం కుర్చీ వేసి కూర్చోబెడతారు. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగేదాని గురించి.

నేనెందుకు చదవాలనుకున్నానో చెప్తాను. 1999లో ఇంటర్ అయిపోగానే పెళ్ళి చేశారు. లాడ్జిలో చేరి పదకొండేళ్ళు రిసెప్షన్ చేశాక, మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. ఆ కుర్చీలోకి 24 ఏళ్ళ అబ్బాయి వచ్చాడు, బీకాం చదివాడు. మంచి అబ్బాయే. రిజిస్టర్ ఎలా రాయాలి, ఏ ట్రైను ఎప్పుడొస్తుంది, శనివారాలు రూములు ఎలా సర్దాలి, గుండు చేయించుకుని వచ్చినవాళ్ళకి వేడినీళ్ళు ఏ టైముకి పెట్టించాలి, అన్నీ నేనే నేర్పించాను. నేర్పించడం పూర్తయ్యాక అతను నాకు డ్యూటీ వేయడం మొదలుపెట్టాడు. ఓనర్ని అడిగితే, "నీ పని బానే ఉందమ్మా, కానీ డిగ్రీ లేదు కదా" అన్నాడు. ఆ ఏడాదే, 2019 జూలైలో, అప్లికేషన్ పెట్టాను.

అప్పుడు నా దగ్గర ఫీజు ఉంది, కోరికా ఉంది. లేనిది టైమొక్కటే. ఇక్కడే అసలు సంగతంతా ఉంది.

నేను చేరిన బి.ఏ. మొత్తం 132 క్రెడిట్లు. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువని లెక్క. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, క్లాసుకి పోవడం అన్నీ కలిపి. 132ని 30తో హెచ్చిస్తే 3,960 గంటలు. మూడేళ్ళలో ముగించాలంటే ఒక్కరోజు కూడా తప్పకుండా రోజుకి మూడు గంటల ముప్పై ఏడు నిమిషాలు చదవాలి. గరిష్ఠంగా ఇచ్చే ఆరేళ్ళూ తీసుకున్నా రోజుకి గంటా నలభై ఎనిమిది నిమిషాలు. చేరే రోజు ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. రెండో ఏడాది ఒక రాత్రి కౌంటర్లో కూర్చుని క్యాలిక్యులేటర్‌తో నేనే వేసుకున్నాను. వేసుకున్నాక చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

అప్పట్లో నాది రాత్రి డ్యూటీ, ఎనిమిది నుంచి ఎనిమిది దాకా. పొద్దున కొర్లగుంటలో ఇంటికి చేరి వంట చేసి పడుకుంటే ఒంటిగంటకి లేవాలి. స్కూలు నుంచి పిల్ల వచ్చేలోపు బట్టలు, నీళ్ళు, సరుకులు. నాకు దొరికే టైము రాత్రి రెండు నుంచి మూడున్నర మధ్య. ఒంటిగంట దాకా రైళ్ళు దిగినవాళ్ళు వస్తూనే ఉంటారు. మూడున్నరకి సర్వదర్శనం టోకెన్ల క్యూకి పోవాలని పైన తలుపులు చప్పుడవుతాయి, బకెట్లు మోగుతాయి. ఆ మధ్య గంటన్నరలో లాడ్జి అంతా నిద్రపోతుంది. అరైవల్ రిజిస్టర్ కింద పుస్తకం పెట్టుకునేదాన్ని. ఎవరైనా దిగివస్తే రిజిస్టర్ ముందుకి జరిపితే సరిపోయేది. వెనక బోర్డు మీద తాళాలు, ఇత్తడి బిళ్ళల మీద రూము నంబర్లు. చరిత్ర పేపర్‌లో తేదీలు గుర్తుండక ఆ నంబర్లకి ముడేసుకుని నేర్చుకున్నాను. 205 తాళం చూస్తే నాకు ఇప్పటికీ బెంగాల్ విభజన, 1905, గుర్తొస్తుంది.

రూమ్ బాయ్‌గా చేసే అన్న ఒకాయన రెండున్నరకి టీ తెచ్చి పెట్టేవాడు. బాయ్ అంటారు గానీ ఆయనకి యాభై దాటాయి. "ఏందమ్మా, ఈ వయసులో ఏంటికి నీకీ అగచాట్లు?" అనేవాడు. అని, నేను చదువుతున్నంతసేపూ గేటు దగ్గర తనే నిలబడేవాడు.

2020 మార్చి 20న కొండమీద దర్శనాలు ఆపేశారు. జూన్ రెండో వారం దాకా భక్తులు లేరు. ఎప్పుడూ కిక్కిరిసి ఉండే ఊరు అలా అయిపోతే భయమేసింది. జీతం సగమే ఇచ్చారు, ఇంట్లో కష్టంగానే గడిచింది. అయినా చదువు వరకు చూస్తే ఆ మూడు నెలలే నేను విద్యార్థిలా బతికింది. రోజుకి నాలుగు గంటలు పగటి వెలుతురులో చదివాను. నాలాంటిదానికి చదువుకునే టైము దొరకాలంటే తిరుపతి అంతా మూతపడాల్సి వచ్చింది. పెద్దవాళ్ళకి కోర్సులు తయారుచేసేవాళ్ళు ఈ ఒక్క విషయం పట్టించుకుంటే నాకు చాలు.

పరీక్షల సంగతి. 2023 డిసెంబర్‌లో నాకు చివరి పేపర్లు. ఆ ఏడు వైకుంఠ ఏకాదశి 23న వచ్చింది, పది రోజులు ద్వార దర్శనం. ఆ పది రోజుల్లో తిరుపతిలో లాడ్జి, హోటల్, బస్సు, ఆటో, దేనిమీద బతికేవాడికైనా సెలవు అడిగే ధైర్యం ఉండదు. ఒక పేపర్‌కి ఇంకో అమ్మాయితో డ్యూటీ మార్చుకుని వెళ్ళాను. రెండోదానికి ఆ అమ్మాయికి జ్వరం. పోలేకపోయాను. ఆ ఒక్క పేపర్ కోసం జూన్ దాకా ఆగాను. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి ఏ తేదీ వేసినా నడుస్తుంది, వాళ్ళ పనే పరీక్ష రాయడం. మాకు ఊరి పండగల క్యాలెండర్ వేరు, డ్యూటీ చార్ట్ వేరు. తేదీలు మూడు నెలల ముందే చెప్పి, ఒకే పేపర్‌కి రెండు తేదీలిస్తే ఎంతమంది నిలబడతారో.

నేను గట్టెక్కాను కాబట్టి ఇదంతా చెప్పగలుగుతున్నాను. మా వదిన గట్టెక్కలేదు.

వదినది చంద్రగిరి దగ్గర. ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి చెప్తుంది. వచ్చే ఏడాది నుంచి డిగ్రీ లేకపోతే కష్టమని స్కూలువాళ్ళు అన్నారు. అప్పుడే ఫోనొచ్చింది. 'సీట్లు రెండే ఉన్నాయి, ఈ రోజే ఆఖరు, స్కాలర్‌షిప్ కూడా ఈ రోజే.' ఆ యూనివర్సిటీ ఏ రాష్ట్రంలో ఉందో కూడా వదినకి సరిగా తెలియదు. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చన్నారు. ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఓటీపీలు అడిగారు, చెప్పింది. నెల తర్వాత బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోయాక తెలిసింది, అది ఫీజు వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీలో తన పేరు మీద తీసుకున్న అప్పని. ఫీజు మొత్తం వాళ్ళకి ముందే వెళ్ళిపోయింది. వదిన కట్టేది అప్పు.

చేరకముందు రోజుకి మూడు ఫోన్లు. చేరాక ఒక్కటీ లేదు. వీడియోలు ఇంగ్లీషులో, గంటకి గంట. సందేహం అడిగితే టికెట్ నంబర్ వచ్చేది. రెండో నెలలో వాళ్ళ అమ్మకి పక్షవాతం వచ్చి వదిన ఆస్పత్రిలో ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి అసైన్‌మెంట్ల గడువు దాటిపోయింది. మానేస్తానంది. మానేసింది కూడా. వాయిదా మాత్రం మానలేదు. కట్టకపోతే రేపు ఇంకే అప్పూ పుట్టదని, నెలనెలా కట్టి తీర్చేసింది. ఇద్దరం కూర్చుని ఎన్ని మెయిళ్ళు రాశామో. చివరికి వదినే అంది, "పోనీలే పాపా, నాకు రాత లేదు." ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. ఎవరో చేసిన పనికి తన తలరాతని తిట్టుకుంటోంది.

డిజిటల్ అప్పుల మీద 2022లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధనల్లో, అప్పు తీసుకున్నాక కొన్ని రోజుల గడువులోపు వద్దనుకుంటే అసలూ ఆ రోజులకయ్యే వడ్డీ కట్టేసి, జరిమానా లేకుండా బయటపడే వీలు ఉండాలని ఉంది. మాకది తెలిసేసరికి ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఈ వారమే సంతకం పెట్టి ఉంటే, ముందు ఆ గడువు ఎన్నాళ్ళో చూసుకోండి. అలాగే యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో మూడూ విడివిడిగా చూడాలి. ఒక కోర్సుకి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. 'వన్ సిట్టింగ్ డిగ్రీ', అంటే ఒక్క విడతలోనే డిగ్రీ అంతా అయిపోతుందనే పోస్టర్ల గురించి ఒక్క మాట చాలు. మా పిన్ని కొడుకు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేస్తాడు, అలాంటి కాగితం ఒకటి కొన్నాడు, ప్రమోషన్ అప్పుడు వెరిఫికేషన్‌కి పంపితే తేలిపోయింది. డబ్బుతో పాటు మాట కూడా పోయింది.

పెద్దల చదువుని బేరంగా చూడటం మనవాళ్ళకి మొదటినుంచీ ఉన్న అలవాటేమీ కాదు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది తెలుగునేల మీదే. 1982 ఆగస్టు 26న, హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో. తర్వాత అంబేద్కర్ పేరు పెట్టారు. బడికే పోనివాళ్ళు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు పెట్టారు. క్లాసులు ఆదివారాలు, పనిచేసుకునేవాళ్ళకి కుదిరే రోజు కాబట్టి. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి. 1985లో దేశమంతటికీ ఇగ్నో అనే సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే తీసుకెళ్ళారు. అంతకన్నా కింది మెట్టు మీద చూడండి. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్ళు రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దారు. అక్కడే సారా గురించి చదివి, మాట్లాడుకుని, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ ఆడవాళ్ళకి ఎవరూ సీట్లు రెండే ఉన్నాయని ఫోన్ చేయలేదు. పొలం పని, వంట పని అయ్యాక, వాళ్ళకి తీరిక దొరికే టైముకి, వాళ్ళ వీధిలోనే బడి పెట్టారు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. పెద్దవాళ్ళని చేర్చుకునే ప్రతి సంస్థా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, చేరినవాళ్ళలో ఎంతమంది మొదటి ఏడాది దాటారో, ఎంతమంది పట్టా తీసుకున్నారో అప్లికేషన్ మొదటి పేజీలోనే అచ్చువేయాలి. బియ్యం బస్తా మీద తూకం ఉంటుంది, మందు సీసా మీద తేదీ ఉంటుంది. మూడేళ్ళ జీవితం అమ్మేవాళ్ళు ఆ రెండు అంకెలు చెప్తే తప్పేంటి? ఫీజు కూడా సెమిస్టర్‌కి సెమిస్టరే తీసుకోవాలి. మధ్యలో మనిషి జారిపోతే తమకీ నష్టం వస్తుందని తెలిస్తేనే చేరాక కూడా ఫోన్ చేస్తారు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. మా లాడ్జికి ఏటా వచ్చే ఒక లెక్చరర్ గారితో ఈ మాటే అంటే ఆయన నిదానంగా చెప్పారు. "అమ్మా, పాసైనవాళ్ళ సంఖ్యని బట్టే కాలేజీకి పేరొస్తుందంటే అందర్నీ పాస్ చేసేస్తారు. లేదా నీలాంటివాళ్ళని అసలు చేర్చుకోరు." ఆలోచించాల్సిన మాటే. అందరికీ ఊరికే మార్కులేస్తే నా పట్టాకీ విలువ పోతుంది. దానికి నాకు తోచిన దారి ఒకటే, చేర్చుకునేవాళ్ళు వేరు, పరీక్ష పెట్టేవాళ్ళు వేరు ఉండాలి. చేర్చుకోరేమో అన్న రెండో భయానికి నా దగ్గర అంత గట్టి జవాబు లేదు. కానీ పిల్లలు తగ్గుతున్న రాష్ట్రంలో మమ్మల్ని వద్దనుకుని ఎంతకాలం బెంచీలు ఖాళీగా పెట్టుకుంటారు? పైగా మానేసిన ప్రతివాళ్ళూ కాలేజీ వల్లే మానేయరు. వదిన వాళ్ళ అమ్మ పక్షవాతానికి ఏ యూనివర్సిటీ బాధ్యత వహిస్తుంది? అలాంటప్పుడు ఆగి, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టే వీలుండాలి. 2020 జాతీయ విద్యా విధానం ఈ మాట అంది. ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా, సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఏడేళ్ళ దాకా నిలవ ఉంటాయి. దీనివల్ల అందరికన్నా ఎక్కువ లాభపడాల్సింది మాలాంటివాళ్ళం. మా వదినకి మాత్రం చేర్చుకునేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. ఉన్నత విద్యలో ఎంత శాతం ఉన్నారని లెక్కగట్టేటప్పుడు 18 నుంచి 23 ఏళ్ళ జనాభాతో పోల్చి చూస్తారు. 2035కల్లా అది 50 శాతం కావాలన్నది లక్ష్యం. మేము చేరితే పై అంకెలో కలుస్తాం, కానీ చదవాల్సినవాళ్ళుగా కింద అంకెలో ఎక్కడా లేం. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకి వర్తించదు. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983 నుంచి ఆడవాళ్ళకే ప్రత్యేకంగా పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, 2015లో ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ కూడా వచ్చాయి. ఇంత చదువుల ఊళ్ళో సాయంత్రం అయ్యేసరికి ఎన్ని తరగతి గదులకి తాళాలు పడతాయో. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఈవెనింగ్ కాలేజీల్లో చదివి పైకొచ్చిన గుమాస్తాలు ఎంతమందో ఉన్నారు. ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక నాలుగు గదులు, తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే ఒక మాస్టారు ఉంటే చాలు, యాప్ కంపెనీ ఫోన్ కోసం మా వదిన ఎదురుచూసేది కాదు.

డిగ్రీ చేతికొచ్చాక పాత లాడ్జి మానేసి, అదే వీధిలో ఇప్పుడున్న చోట చేరాను. జీతం కొంచెమే పెరిగింది గానీ రాత్రి డ్యూటీ తప్పింది. నన్ను చూసి టీ అన్న కూడా ఈ లాడ్జికే వచ్చాడు. పోయిన ఏడాది ఒకరోజు, ఎవరూ లేనప్పుడు చూసి అడిగాడు. "ఎనిమిదో తరగతితో ఆపేసినోణ్ణి, నన్ను చేర్చుకుంటారామ్మా యాడన్నా?" సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఓపెన్ స్కూల్లో, పదో తరగతికి కనీసం 14 ఏళ్ళుంటే చాలు, పైన ఎంతైనా ఉండొచ్చు. ఆయనతో పాటు నేనూ వెళ్ళి అప్లికేషన్ పెట్టించాను. పుస్తకాలొచ్చాయి. తెలుగు, సాంఘికశాస్త్రం తనే చదువుకుంటున్నాడు. లెక్కలంటే భయం. ఆదివారం మూడింటికి రూములన్నీ సర్దేశాక, నాలుగున్నర దాకా కౌంటర్ వెనక ఇద్దరం కూర్చుంటున్నాం. వదిన కూడా ఒక్కోసారి వస్తోంది, లెక్కలు నాకన్నా తనే బాగా చెప్తుంది. ఇప్పుడు భిన్నాల దగ్గర ఉన్నాం.